‘?.’ను కవరేజీలో బ్రాంచ్‌గా లెక్కించాలా?

నిదానస్తుడు:
టైప్‌స్క్రిప్ట్‌లో ‘?.’ అంటే, ఎడమవైపు విలువ ఖాళీ (నల్ లేదా అన్‌డిఫైన్డ్) అయితే కూలిపోకుండా అక్కడే ఆగిపోయే గుర్తు. దానితో ‘యూజర్?.అడ్రస్?.స్టేట్’ అని ఒక్క వరుస రాస్తే, టార్గెట్ (కోడ్‌ను ఏ జావాస్క్రిప్ట్ వెర్షన్‌కు మార్చాలన్న సెట్టింగ్) ఈఎస్2019 అయినప్పుడు కంపైలర్ దాన్ని నల్‌నూ అన్‌డిఫైన్డ్‌నూ విడివిడిగా అడిగే షరతులుగా విప్పేస్తుంది. విప్పిన కోడ్‌లో ఇస్తాంబుల్ (టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని నడిపాయో, అంటే కవరేజీని, కొలిచే టూల్) లెక్కన 8 బ్రాంచ్‌లు (షరతు దగ్గర కోడ్ చీలే దారులు) ఉంటాయి. విలువలన్నీ ఉన్న ఒక్క టెస్టుకు వాటిలో 6 నిండుతాయి. టార్గెట్‌ను ఈఎస్2020కి మారిస్తే గుర్తు అలాగే మిగులుతుంది, ఇస్తాంబుల్ దాన్ని బ్రాంచ్‌గా చూడదు కనుక లెక్క సున్నా అవుతుంది. నేను రాసినదానిలో అక్షరం మారకుండా మారిపోయే శాతాన్ని చూసి మెర్జ్ (కోడ్‌ను ప్రాజెక్టులో కలపడం) ఆపడం సబబేనా?

బెజవాడ_బగ్:
సబబే. ఇదే పనిని ఇఫ్‌తో రాసి ఉంటే మీరు రెండు టెస్టులు రాసేవారు. గుర్తు పొట్టిదైనంత మాత్రాన నిర్ణయం మాయం కాదు. ఈఎస్2020లో లెక్కించకపోవడమే లోపం.

కోట్లిన్_కూలీ:
మా దగ్గరా ఇదే గొడవ. కోట్లిన్‌లో మేము కవరేజీ కొలిచే జాకోకో చూసేది కంపైలర్ తయారుచేసిన బైట్‌కోడ్‌ను, మనం రాసిన వరుసను కాదు.

నిదానస్తుడు:
నా పాత ఉద్యోగంలో బ్రాంచ్ కవరేజీ 80 శాతం దాటకపోతే మెర్జ్ అయ్యేది కాదు. ‘?.’ తీసేసి ‘!’ (ఇది ఖాళీ కాదని కంపైలర్‌కు హామీ ఇచ్చే గుర్తు) పెట్టినవాళ్ల కోడ్ మాత్రం సాఫీగా దాటేది, ఎందుకంటే కంపైల్ అయ్యాక ‘!’ మిగలదు. నల్ వస్తే కూలిపోయే కోడ్‌కే ఎక్కువ మార్కులన్నమాట.

బెజవాడ_బగ్:
మీ పాత కంపెనీ సంగతి నేను అడగలేదు. ఇఫ్‌తో రాస్తే రెండు టెస్టులు రాసేవారా, కాదా?

వరుస_పేర్లు:
‘??’ను (ఎడమవైపు ఖాళీ అయితే కుడివైపు విలువ తీసుకునే గుర్తును) ఇస్తాంబుల్ లెక్కిస్తుంది గానీ, ఎడమవైపు ఎప్పుడూ నడుస్తుంది కాబట్టి నల్ ఇచ్చే ఒక్క టెస్టుతోనే రెండూ నిండినట్టు చూపిస్తుంది.

బెజవాడ_బగ్:
అది ‘??’ సంగతి. నా ప్రశ్న ‘?.’ గురించి.

నిదానస్తుడు:
రాయను. అడ్రస్ ఖాళీ కాదని టైపే చెబుతోంది. ఆ టెస్టు రాయాలంటే టైపు తనిఖీని ఆపేసే ‘యాజ్ ఎనీ’ పెట్టి టైపును మోసగించాలి.

బెజవాడ_బగ్:
ఖాళీ కాదని నమ్మినవారు అక్కడ ‘?.’ ఎందుకు పెట్టారు? ఇది భయంతో రాసిన కోడ్. దాని శాతం తగ్గితే టూల్‌ను తిట్టడం దేనికి?

నిదానస్తుడు:
భయం కాదు, అనుభవం. ఆ టైపు రాసిచ్చింది బ్యాకెండ్ వాళ్లు. ఎప్పుడూ నల్ రాదన్న ఫీల్డులోనే నల్ వచ్చి పేజీ ఖాళీ అయినప్పుడు అర్ధరాత్రి ఫోను వచ్చింది వాళ్లకు కాదు, నాకు. టైపులు కంపైలర్‌ దగ్గరే ఆగిపోతాయి, రన్‌టైమ్‌లో కాపలా కాయవు.

బెజవాడ_బగ్:
అంటే నల్ వస్తుందని మీకు తెలుసు. అలాంటప్పుడు డేటా లోపలికి వచ్చేచోటే పరిశీలించి టైపును సరిచేయాలి గానీ, ప్రతి వరుసలోనూ ‘?.’ చల్లుకుంటూ పోకూడదు. విజయవాడ దుకాణం బిల్లులో ఆ విలువను ‘ఏపీ’తో పోల్చి చూడండి. అడ్రస్ లేకపోతే పోలిక తప్పుతుంది, రాష్ట్రం లోపలి అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడాల్సిన చోట వేరే రాష్ట్రానికి అమ్మితే వేసే ఐజీఎస్టీ పడుతుంది, ఏ ఎర్రరూ రాదు. అంతకంటే కూలిపోవడమే మేలు.

నిదానస్తుడు:
నేను రాసేది ప్రొఫైల్ పేజీ, బిల్లు కాదు. అక్కడ కూలిపోతే కస్టమర్ తన ఫోన్ నంబరు కూడా మార్చుకోలేడు.

బెజవాడ_బగ్:
ఆ మాట మొదటే చెప్పాల్సింది. ప్రొఫైల్ పేజీ వరకైతే ఒప్పుకుంటాను. కానీ అదే ఫంక్షన్‌ను రేపు బిల్లింగ్ వాళ్లు ఇంపోర్ట్ చేసుకోరని హామీ ఇవ్వగలరా?