అద్దం ఫ్రేములు గోడ మీద నిలవడం లేదు, దయచేసి ఉపాయం చెప్పండి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ శని, ఆదివారాల్లో మా పేట చిత్రకారులందరం ఎవరి పనిగది వారు తెరిచి ఉంచి, వచ్చినవారికి మా బొమ్మలు చూపాలని అనుకున్నాం. పద్నాలుగు నీటిరంగు చిత్రాలనూ కొన్ని ప్రింట్లనూ రెండువైపులా అంటుకునే పట్టీలతో మధ్యాహ్నం నుంచి గోడకు అతికిస్తున్నాను. ఒకటి అతికించి రెండోదాని దగ్గరికి వెళ్లేలోపు మొదటిది జారిపోతోంది. ఇప్పటికి రెండు అద్దాలు పగిలాయి. పెట్టె మీద రాసినట్టే గోడ తుడిచి, అరనిమిషం నొక్కి పట్టుకున్నాను. ఇంతకంటే గట్టి పట్టీ ఏదైనా ఉందా?

సమాధానం 1:
తగిలించడానికి ముందు వెలుతురు గురించి ఆలోచించారా? అద్దం బిగించిన చిత్రానికి ఎదురుగా కిటికీ ఉంటే, చూసేవారికి అందులో తమ ముఖమే కనిపిస్తుంది. దీపాన్ని నిట్టనిలువుకు సుమారు 30 డిగ్రీల వాలులో పెడితే ఆ మెరుపు నేల వైపు పోతుంది. పైగా నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి కనుక, మ్యూజియాల్లో వాటి మీద సాధారణంగా 50 లక్స్‌కు మించి పడనివ్వరు. మన చిత్రకారులు దీన్ని పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

సమాధానం 2:
గోడకు ఏం పూశారు? రాలిన పట్టీ వెనుక ఏముంది?

ప్రశ్న అడిగినవారు:
మామూలు తెల్లగోడే. పట్టీ వెనుక పిండి అద్దినట్టు తెల్లటి పొర ఉంది. వెలుతురు గురించి రాసినవారికి కృతజ్ఞతలు, కానీ నేల మీద పడి ఉన్న చిత్రానికి దీపం ఏ వాలులో పెట్టాలో ఆలోచించే స్థితిలో నేను లేను.

సమాధానం 2:
అది సున్నం. ఏ పట్టీ నిలవదు. మేకు కొట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ఇది అద్దె గది. మేకులు కొట్టనని రాసి ఇచ్చాను.

సమాధానం 3:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఒక అద్దమైనా మిగిలేది. జిగురు సున్నపు పొడిని గట్టిగానే పట్టుకుంటుంది. గోడను పట్టుకోనిది ఆ పొడే. బరువు కూడా తక్కువేమీ కాదు: 2 మిల్లీమీటర్ల మందం గల అద్దం చదరపు మీటరుకు 5 కిలోలు తూగుతుంది కనుక, 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చిత్రానికి అద్దమే కిలో ఉంటుంది. గోడను మరచిపోయి, బల్లలను దానికి చేర్చి, ఫ్రేములను వెనక్కి వాల్చి నిలబెట్టండి. జారకుండా అడుగున రబ్బరు ముక్కలు పెట్టండి. ప్రింట్లను కిటికీ ఊచలకు తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీయవచ్చు, కానీ క్లిప్పుకూ కాగితానికీ మధ్య అట్టముక్క లేకపోతే అంచున నొక్కు పడుతుంది.

సమాధానం 4:
ఇంతకీ ప్రింట్లు అంటే ఏవి? లినోలియం పలక చెక్కి, సిరా పూసి తీసినవా, లేక స్కాన్ చేసి యంత్రంలో తీసిన నకళ్లా? మొదటివే అచ్చుచిత్రాలు. వాటి కింద పెన్సిలుతో 3/20 అని రాస్తే, తీసిన ఇరవైలో అది మూడోదని అర్థం. నకలు కింద అదే అంకె వేసి అమ్మడం కొనేవారిని మభ్యపెట్టడమే.

సమాధానం 1:
యంత్రంలో తీసినదని స్పష్టంగా చెప్పి అమ్మితే అందులో మోసమేముంది? జనం రెండింటినీ ప్రింట్లనే అంటున్నారు.

సమాధానం 4:
పలక చెక్కుతూ వేలు కోసుకున్నవారెవరూ అలా అనరు.

సమాధానం 2:
తాడుకు రెండూ ఒకటే.

ప్రశ్న అడిగినవారు:
నావి లినో అచ్చులే, ఆరు ఉన్నాయి. ఒకదాని సిరా ఇంకా తడి ఆరలేదు కనుక దాన్ని చివరన కట్టాను. అద్దాలున్న పన్నెండు చిత్రాలూ బల్లల మీద కుదిరాయి, ధన్యవాదాలు. అయితే వెనక్కి వాల్చేసరికి ప్రతి అద్దంలోనూ పైకప్పు దీపమే కనిపిస్తోంది. వెలుతురు గురించి మొదట రాసినవారు ఇంకా మేలుకొని ఉంటే, ఆ వాలు సంగతి మరోసారి చెప్పగలరా?