నెలసరికి ముందు వచ్చే కోపం: డాక్టర్‌కు చూపించడానికి ఎలా రాసుకుంటున్నారు?

మందారం
నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మొన్న శుక్రవారం చిన్నవాడు పాలు ఒలకబోశాడు. చేతిలో ఉన్న గరిటెను గోడకేసి కొట్టాను. వాడు భయపడి మంచం కిందికి దూరాడు. ఆదివారం నెలసరి వచ్చింది. మంగళవారానికల్లా నా మనసు తేలికపడింది. వాడు మాత్రం నేను వంటింట్లో ఉంటే ఇప్పటికీ గుమ్మం దగ్గరే ఆగి నా చేతుల వైపు చూస్తున్నాడు.

డాక్టర్ దగ్గరకు వెళ్లాను. ఎన్ని రోజుల ముందు మొదలవుతుంది, వచ్చాక ఎన్నాళ్లకు తగ్గుతుంది అని అడిగారు. చెప్పలేకపోయాను. రెండు నెలలు రాసుకుని రమ్మన్నారు. ఏం రాయాలి? రాసినవాళ్లు చెప్పండి.

కానుగనీడ
నేను ఏడు నెలలు రాశాను. మొదటి నెల చేసిన తప్పు ముందు చెబుతాను. కోపం వచ్చిన రోజులే రాశాను. ఆ కాగితం చూసి డాక్టర్, "ఎనిమిదో రోజున ఎలా ఉన్నారు? పన్నెండో రోజున?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. బాగున్న రోజులు కూడా రాస్తేనే తేడా కనిపిస్తుంది.

రక్తస్రావం మొదలైన రోజు ఒకటో రోజు. అక్కడి నుంచి మళ్లీ వచ్చేదాకా ఒక పేజీ. అడ్డంగా రోజులు, నిలువుగా లక్షణాలు. కోపం, ఊరికే ఏడుపు రావడం, దిగులు, ఆందోళన, నిద్ర, ఆకలి, కడుపు ఉబ్బరం, రొమ్ముల నొప్పి. వీటికింద మరో మూడు గడులు గీసుకోండి: పని ఆగిందా, ఇంట్లోవాళ్లతో గొడవైందా, బయటివాళ్లను తప్పించుకున్నారా. ప్రతి గడిలో 1 నుంచి 6 వరకు ఒక అంకె. 1 అంటే అసలు లేదు, 6 అంటే భరించలేనంత.

రోజూ ఒకే వేళకు రాయండి. నేను రాత్రి పాలు తోడుపెట్టిన వెంటనే రాసేదాన్ని. మరిచిపోయిన రోజును ఖాళీగా వదిలేయండి. మర్నాడు గుర్తు తెచ్చుకుని నింపితే, మర్నాటి మనసు నిన్నటి అంకెను మార్చేస్తుంది.

వేపపువ్వు
నాకు ఒక అభ్యంతరం ఉంది. కోపాన్ని లక్షణం అని రాసేస్తే, దాని కారణం ఎక్కడికి పోతుంది? ఉదయం ఐదింటికి లేచి నాలుగు క్యారేజీలు సర్దేది నేనే. మధ్యాహ్నం ఆఫీసు, సాయంత్రం హోంవర్కు. నెలంతా మింగినది ఆ వారంలో బయటికి వస్తుంది. అది అబద్ధపు కోపం కాదు.

కానుగనీడ
వేపపువ్వు గారూ, మీ మాట నిజం. అందుకే నేను అంకె పక్కన ఒక్క వాక్యం రాసేదాన్ని. "తడి తువ్వాలు మంచం మీద పడేశారు, 6." అదే తువ్వాలు పదో రోజున పడినప్పుడు 2. తువ్వాలు తీయవలసింది మా ఆయనే, అందులో మార్పు లేదు. కానీ అదే విషయానికి 2 ఎందుకు 6 అవుతోందో డాక్టర్‌ను అడగాలి. తువ్వాలు సంగతి మా ఆయనతోనే, పదో రోజున మాట్లాడాను. ఆ రోజు మాట్లాడితే ఆయన విన్నారు.

రాత్రిడ్యూటీ
విజయవాడలో స్టాఫ్ నర్సును. మీ డాక్టర్ రెండు నెలలు రాయమనడానికి కారణం ఉంది. ఈ బాధల్లో తీవ్రమైనదాన్ని పీఎమ్‌డీడీ (ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్) అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే మానసిక రుగ్మతల పుస్తకంలో దానిని ప్రత్యేక రుగ్మతగా చేర్చారు. పదకొండు లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి. వాటిలో కోపం, దిగులు, ఆందోళన, మనసు నిలకడ లేకపోవడంలో ఒకటైనా ఉండాలి. నెలసరికి ముందు వారంలో కనిపించి, వచ్చిన కొద్ది రోజుల్లో తగ్గుముఖం పట్టి, తర్వాతి వారం దాదాపు పోవాలి. ఇది రోజువారీ రాతతో కనీసం రెండు నెలసరి చక్రాల్లో తేలాలి.

హార్మోన్ల పరీక్షలో చాలామందికి అన్నీ మామూలుగానే వస్తాయి. "రిపోర్టులో ఏమీ లేదు, నీది పొగరు" అని ఇంట్లో అంటే నమ్మకండి. హార్మోన్ల మామూలు హెచ్చుతగ్గులకే కొందరి మెదడు ఎక్కువగా స్పందిస్తుంది. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించడం వేరే కారణాలు లేవని చూసుకోవడానికి.

కుటుంబ నియంత్రణ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు, నిద్ర చెడిన రాత్రులు కూడా పట్టికలో గుర్తు పెట్టండి.

పసుపుకొమ్ము
నాది వేరే కథ. నెలసరి కోపమే అనుకుని రాయడం మొదలుపెట్టాను. రెండు నెలల పట్టికలో దిగులు గడిలో ఏ రోజునా 3కు తగ్గలేదు. ముందు వారంలో 5 అయ్యేది, అంతే. నాకు నెలంతా డిప్రెషన్ ఉందని, నెలసరికి ముందు అది ముదురుతోందని డాక్టర్ చెప్పారు. వైద్యం మారింది. రాయకపోతే ఇంకో రెండేళ్లు "డేట్ దగ్గర పడింది" అనుకుంటూ గడిపేసేదాన్ని.

ఊరికిదూరం
భర్తగా రాస్తున్నాను, నా భార్యకు చెప్పే రాస్తున్నాను. తను నన్ను కూడా విడిగా రాయమంది. మొదట్లో నేను చేసిన పొరపాటు పెద్దది. ప్రతి గొడవలో "పట్టిక చూసుకున్నావా?" అని అడిగేవాణ్ణి. మూడుసార్లు అడిగాక తను పుస్తకం దాచేసింది. ఆమె బాధను ఆమె నోరు మూయించడానికి వాడానని అప్పుడు అర్థమైంది. క్షమాపణ అడిగాను. ఇప్పుడు ఇద్దరం నెలాఖరున ఒక్కసారే పక్కపక్కన పెట్టి చూస్తాం. మగవాళ్లు ఎవరైనా చదువుతుంటే, దయచేసి ఆ ప్రశ్న అడగకండి.

నీలిచీర
ఇంకో గడి కలపండి. చచ్చిపోవాలనిపించిందా లేదా అని. నాకు మూడు నెలలు అనిపించింది, నెలసరి రాగానే పోయేది. పోయింది కదా అని డాక్టర్‌కు చెప్పలేదు. చెప్పాల్సింది. ఆ గడిలో ఒక్కసారి గుర్తు పడినా రెండు నెలలు ఆగకండి, వెంటనే వెళ్లండి. అర్ధరాత్రి అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు.

మందారం
రెండు నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను. నిన్న పట్టికలు తీసుకెళ్లాను. మొదటి నెల 21వ రోజు నుంచి, రెండో నెల 20 నుంచి కోపం గడిలో 5, 6. రెండోసారీ నెలసరి వచ్చిన మూడో రోజుకు 2. ఆ తర్వాత వారమంతా 1. డాక్టర్ వేలితో ఆ వరుస వెంట వెళ్లి, "ఇక్కడ మొదలవుతోంది" అన్నారు. డిప్రెషన్‌కు వాడే మందునే ఈ సమస్యకు నెలసరికి ముందు రెండు వారాలు మాత్రమే ఇచ్చే పద్ధతి ఉందట. నాకు అలా రాసిచ్చారు. ఎప్పుడు మొదలుపెట్టాలో నా పట్టిక చూసే చెప్పారు. రాయడం మానవద్దన్నారు.

నీలిచీర గారూ, మీరు చెప్పిన గడి కలిపాను. రెండు నెలల్లో ఒకసారి గుర్తు పడింది. మీ మాట గుర్తొచ్చి మర్నాడే ఆసుపత్రికి వెళ్లాను. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

చిన్నవాడికి పట్టిక సంగతి చెప్పాను. "అమ్మకు కొన్ని రోజులు ఒంట్లో బాగోదు, అది నీ తప్పు కాదు" అన్నాను. రాత్రి నేను అంకెలు వేస్తుంటే వచ్చి పక్కన కూర్చుంటున్నాడు. ఇవాళ 1 వాడే వేశాడు.