కీమో అయిపోయింది, సెప్ట్రాన్ ఇంకా వాడాలా?

తిరుచానూరు_పిల్ల: నాన్నకు బీ సెల్ లింఫోమా, లింఫు గ్రంథుల క్యాన్సర్. ఆర్-చాప్ అనే కీమో ఆరు సైకిళ్లు అయిపోయి రెండు నెలలైంది, పెట్ స్కాన్ క్లియర్. సెప్ట్రాన్ సోమ, బుధ, శుక్రవారాలు, ఎసైక్లోవిర్ రోజూ రెండుపూటలా, ఇంకో రెండు మాత్రలు. తెల్లకణాలు 6,200 ఉన్నాయి, ఇంకెందుకివి అంటున్నాడు. ఆపొచ్చా?

చంద్రగిరి_కోట: ఆపేయండి. మా ఆవిడకు యూరిక్ యాసిడ్ పెరగకుండా అల్లోప్యూరినాల్ ఇచ్చారు. గడ్డ ఒక్కసారిగా కరిగేది మొదట్లోనే, అప్పుడే కిడ్నీలకు ముప్పు. తర్వాత ఆపమని ఎవరూ చెప్పలేదు, చివరిదాకా మింగించాం, ఒళ్లంతా దద్దుర్లు. అడిగితే "ఇంకా వాడుతున్నారా" అని మమ్మల్నే అన్నారు.

పీలేరు_అక్క: అన్నా, ఆ అమ్మాయి అడిగింది సెప్ట్రాన్ గురించి, అది న్యుమోసిస్టిస్ అనే న్యుమోనియా రాకుండా ఇచ్చేది. 6,200 మొత్తం కౌంటు, ఆ న్యుమోనియాను అడ్డుకునే సీడీ4 అనే తెల్లకణాలు అందులో ఎన్నో ఆ రిపోర్టు చెప్పదు. అవి కోలుకోవడానికి నెలలు పడుతుంది. మా తమ్ముడు కీమో అవగానే ఆపేశాడు. పొడిదగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, తర్వాత ఐసీయూ.

రేణిగుంట_జంక్షన్: అక్కి లేస్తే ఎర్రమన్నుతో రాయించుకుంటే సరి, ఎసైక్లోవిర్ దండగ.

పీలేరు_అక్క: రాయించుకో నాయనా. తర్వాత నెలల తరబడి ఆ మంట ఎవరు పడతారు?

చంద్రగిరి_కోట: అల్లోప్యూరినాల్‌కు జవాబు రాలేదు.

పీలేరు_అక్క: దాన్ని వాడమని నేనెప్పుడన్నా? మామూలుగా ఒకటి రెండు సైకిళ్లకే ఆపేస్తారు. ఒక మాత్ర మీద కోపం అన్నిటి మీదా చూపిస్తే ఎట్లా?

చంద్రగిరి_కోట: మీరేమన్నా డాక్టరా? మీలాంటివాళ్లు లెక్కపెట్టి మింగించబట్టే జబ్బు తగ్గినా మనిషి రోగిగానే బతుకుతాడు. మా ఆవిడ ఆ మాత్రల డబ్బా చూస్తేనే ఏడ్చేది.

పీలేరు_అక్క: అవును, లెక్కపెట్టాను. అందుకే వాడు నాకు తెలియకుండా సింకులో వేసేవాడు. ఆపాలనుకున్నవాళ్లు ఆపనీ, డాక్టరుకు ఒక మాట చెప్పి ఆపమంటున్నా, అంతే.

చంద్రగిరి_కోట: చెప్తే విని, ఏది ఎప్పుడు ఆపాలో చీటీ మీద రాసిచ్చే డాక్టరుంటే చూపించండి. మా గొడవంతా అదే.

మందులషాపు_బాబు: ఆ మిగతా రెండు మాత్రలేవమ్మా?

తిరుచానూరు_పిల్ల: పాంటాప్రజోల్, ఎంటకావిర్ 0.5.

మందులషాపు_బాబు: ఆర్-చాప్‌లోని స్టెరాయిడ్ ప్రెడ్నిసలోన్ ఆగాక, ఎసిడిటీ మాత్ర పాంటాప్రజోల్ చాలామందికి అక్కర్లేదు, అడిగి ఆపొచ్చు. ఎంటకావిర్ జోలికి మాత్రం పోవద్దు. హెపటైటిస్ బి ఆనవాలున్నవాళ్లకు అది రాస్తారు, ఆర్-చాప్‌లో 'ఆర్' అంటే రిటుక్సిమాబ్, దాని చివరి డోసు తర్వాత కూడా కనీసం 12 నెలలు వాడాలి. ముందే ఆపితే వైరస్ తిరగబెట్టి లివర్ మీదికి వస్తుంది.

తిరుచానూరు_పిల్ల: నాన్న పోయిన వారమే అన్నీ ఆపేశాడట. అమ్మ ఇప్పుడు చెబుతోంది.

పీలేరు_అక్క: పొద్దున దాకా ఆగొద్దమ్మా, ఇప్పుడే ఆంకాలజీ వార్డుకు ఫోన్ చెయ్. లివర్ పరీక్ష, హెపటైటిస్ బి డీఎన్ఏ చేయించాలేమో అడుగు.

చంద్రగిరి_కోట: చెయ్యమ్మా. అట్లే చీటీలో అల్లోప్యూరినాల్ ఉందేమో కూడా చూడు.