తొలగించినా కొత్త పేరుతో తిరిగొచ్చి దూషించేవారిని మీరు ఎలా అడ్డుకున్నారు?

కథలపందిరి: మా కథల బృందంలో కొత్తగా రాస్తున్న అమ్మాయిల కథల కింద ఒకడు అసభ్యమైన వ్యాఖ్యలు పెడుతున్నాడు. తొలగిస్తే మరో పేరుతో చేరుతున్నాడు. ఇద్దరు రచయిత్రులు రాయడమే మానేశారు. నా బాధంతా వాళ్ల గురించే. మీరు నడిపే చోట్ల ఇలాంటివాళ్లను ఎలా ఆపారు?

వికీ_పాతకాపు: తెలుగు వికీపీడియా అనుభవం చెబుతాను. అక్కడ ప్రతి మార్పూ పేజీ చరిత్రలో ఉంటుంది కాబట్టి బూతులు రాస్తే వెంటనే పాత కూర్పుకు తీసుకెళ్తాం. మరీ నీచమైనవైతే నిర్వాహకులు ఆ కూర్పునే పాఠకులకు కనబడకుండా దాచేస్తారు. తర్వాత నిరోధం, అంటే ఆ ఖాతా మార్పులు చేయకుండా ఆపడం. మొదట కొద్ది కాలం, తీరు మారకపోతే శాశ్వతంగా. నిరోధంలో ఉన్నవారు కూడా తమ చర్చాపేజీలో విన్నపం రాసుకునే వీలు మామూలుగా ఉంటుంది. అది న్యాయం, ఉండాలి.

మారుపేర్లతో వచ్చేవారితో మాత్రం వాదన పెట్టుకోం. వాళ్లకు కావలసింది ఆ జగడమే. ఐపీ చిరునామాను (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యను) నిరోధించడం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే చిరునామాను ఎంతోమంది వాడతారు, పైగా అది మారిపోతుంటుంది. ఒకడిని ఆపబోయి ఏ పాపమూ ఎరగనివారిని బయట నిలబెడతాం. కొత్త సభ్యుల వ్యాఖ్యలు కొంతకాలం మీ ఆమోదం పొందాకే కనిపించేలా పెట్టండి. ఎక్కువగా పనిచేసేది ఇదే.

మల్లెతీగ: వాదన వద్దన్నమాట సరే. కానీ మౌనం ఎవరి పట్ల? నా కవిత కింద ఇలాగే జరిగినప్పుడు చాలామంది నాకు విడిగా సందేశాలు పంపి ఓదార్చారు. బృందంలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ తిట్ల కంటే అదే ఎక్కువ కుంగదీసింది. దూషించినవాడికి జవాబు ఇవ్వకండి, కానీ అందరి ముందూ ఆ అమ్మాయి పక్షాన నిలబడండి. 'ఈ వ్యాఖ్య మా నియమాలకు విరుద్ధం, తొలగించాం, రచయిత్రికి మేమున్నాం' అని నిర్వాహకుల పేరుతో రాస్తే చాలు.

ఓరుగల్లు_వకీలు: తొలగించే ముందు భద్రపరచండి. స్క్రీన్‌షాట్‌లో తేదీ, సమయం, ఖాతా పేరు కనిపించాలి. ఆ వ్యాఖ్య లింకు కూడా రాసిపెట్టుకోండి. కోర్టుదాకా వెళితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, కాబట్టి మూలం ఉన్న ఫోనును అలాగే ఉంచండి.

'66ఎ కింద కేసు పెడతాం' అని బెదిరించేవారు ఇంకా ఉన్నారు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాల మీద ఐటీ చట్టంలో ఉన్న ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అసభ్య సమాచారానికి ఐటీ చట్టం 67, స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటలకు భారతీయ న్యాయ సంహిత 79 ఉన్నాయి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆ అమ్మాయిలే నిర్ణయించుకోవాలి.

కథలపందిరి: అతను రాసినదానికి నిర్వాహకురాలిగా నా మీద కేసు వస్తుందా?

ఓరుగల్లు_వకీలు: సభ్యుడు పెట్టిన పోస్టుకు వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని కేరళ హైకోర్టు 2022లో తీర్పు ఇచ్చింది. మీది వేరే వేదికైనా ఆ తర్కం మీకు అండగా ఉంటుంది. తెలిసీ వదిలేశారన్న మాట రాకుండా, ఏ రోజు ఏం చర్య తీసుకున్నారో రాసిపెట్టుకోండి.

పల్లెవెలుగు: ముందుగా ఒక హెచ్చరిక ఇస్తే మంచిది కదా? మా ఊరి గ్రూపులో రాజకీయాల మీద నోరు జారినవారికి రెండుసార్లు చెప్పి చూస్తాం. చాలామంది సర్దుకుంటారు.

మల్లెతీగ: కోపంలో మాట తూలినవారికి హెచ్చరిక సరిపోతుందండి. ఆడపిల్ల శరీరం గురించి రాసేవాడికి రెండో అవకాశం ఇస్తే, ఇంకో అమ్మాయిని బలి పెట్టినట్టే.

కథలపందిరి: నియమాల్లో ఆ తేడా స్పష్టంగా రాస్తాను. కొత్త సభ్యుల వ్యాఖ్యలకు ఆమోదం పద్ధతి ఈ రాత్రే పెడుతున్నాను. రేపు ఆ ఇద్దరు రచయిత్రులకూ ఫోను చేస్తాను.

మల్లెతీగ: ఫోను చేసినప్పుడు మళ్లీ రాయమని అడగకండి. మీరు ఏం చేశారో చెప్పండి. పాత వ్యాఖ్యలన్నీ పోయాయో లేదో ముందే ఒకసారి చూసుకోండి.