వంటగది గోడలో కన్సీల్డ్ (లోపల దాచే) కరెంటు పైపు: పైనుంచి దించాలా, అడ్డంగా లాగాలా?

కొత్తిల్లు_22: నాలుగున్నర అంగుళాల గోడ. గట్టు మీద ఇండక్షన్, ఓవెన్, మిక్సీలకి మూడు 16 ఆంపియర్ల బోర్డులు. ఒక బోర్డు నుంచి ఇంకోదానికి అడ్డంగా గాడి కొడతామంటున్నారు. సరేనా?

వైరింగ్_వరంగల్: వద్దండి. 25 మి.మీ. పైపు ఇటుకలో మునగాలంటే గాడి లోతు 25కి తగ్గదు. బ్రిటన్ నియమం ప్రకారం అడ్డగాడి గోడ మందంలో ఆరో వంతు, నిలువుది మూడో వంతు దాటకూడదు. మీ 115 మి.మీ. గోడకి అడ్డం 19, నిలువు 38. ప్రతి బోర్డుకీ నిలువుగానే దించాలి. ఇండక్షన్‌కి, ఓవెన్‌కి విడివిడిగా 4 చదరపు మి.మీ. రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చి). మిక్సీకి 16 ఆంపియర్ల బోర్డు దండగ, 6 చాలు.

పాత_కట్టర్: వరంగల్‌లో బ్రిటన్ రూల్సా! నాలుగడుగుల గాడికి గోడేం కూలదు, చికెన్ మెష్ (సన్న ఇనుప వల) కొట్టి పూడిస్తే పగులూ రాదు. నిలువుగా దించితేనే పై కప్‌బోర్డుల స్క్రూలు పైపులో దిగుతాయి.

వైరింగ్_వరంగల్: బోర్డుకి నిట్టనిలువుగా పైన మేకు కొట్టకూడదని ఎవరైనా ఊహించగలరు. అడ్డంగా ఎక్కడుందో ఎవరికి తెలుసు? ఐమూలగా లాగేవాళ్ల సంగతి చెప్పనే వద్దు.

సర్క్యూట్: 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) ఉంటే ఈ గొడవెందుకు?

వైరింగ్_వరంగల్: స్క్రూ ఒక్క ఫేజు తీగకే తగిలి ఆగితే ఏ స్విచ్చీ ట్రిప్ కాదు. పొడి గోడ, పీవీసీ పైపు, కరెంటు పోయే దారే లేదు. ఆ స్క్రూతో బిగించిన బ్రాకెట్ మీద ఎవరో చెయ్యి వేశాక, షాక్ కొట్టాక ట్రిప్ అవుతుంది.

గోదారిగట్టు: ప్లాస్టరింగ్‌కి ముందే పైపుల పక్కన కొలత టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి.

వైరింగ్_వరంగల్: కట్టర్ గారూ, మీరు కూలి పాయింటు లెక్కన (బోర్డుకింతని) ఒప్పుకుంటారు, గాడి పొడుగైతే గిట్టదు. అదీ అసలు సంగతి.

పాత_కట్టర్: అవును, గిట్టదు! స్లాబు పోసేముందు, అందులో పైపులు పరిచేటప్పుడు, వంటగదిలో ఏ మిషను ఎక్కడని అడిగితే ఒక్క ఓనరూ చెప్పడు. పోశాక పిలిచి మూడు చోట్ల దించమంటే పాత కూలికే ఎందుకు కొట్టాలి?

కొత్తిల్లు_22: మా స్లాబు పోసి మూడు నెలలైంది...

వైరింగ్_వరంగల్: అయితే సీలింగ్ కింద పైపు బయటే క్లాంపులతో లాగండి, కప్‌బోర్డుల పైన కనపడదు. బీముకి మాత్రం కట్టర్ పెట్టనివ్వకండి. అక్కణ్ణుంచి బోర్డులకి నిలువు గాడులు.

పాత_కట్టర్: దానికి సరే. కూలి మాత్రం గాడి అడుగుకింతని మాట్లాడుకోండి.