గడ్డం కింద రెండు మీసాలున్న చేప: ఇది జెల్లేనా?

మైపాడు వాసి:
ఒడ్డున చిల్లర చేపల కుప్పలో జానెడు చేప ఒకటి దొరికింది. గడ్డం కింద రెండు మీసాలు, ఒంటినిండా పెద్ద పొలుసులు, తోకకు అడ్డచారలు. ఇంట్లో అందరూ జెల్ల అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఆ మీసాలు దేనికి?

కొత్తపట్నం:
జెల్లకు పొలుసు ఉండదండీ. పైగా దాని ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాచిపోతుంది. మీది జెల్ల కాదు.

కావలి ఈతగాడు:
గోట్ ఫిష్ అన్నా అది, ములిడే కుటుంబం. అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ దగ్గర పగడపు దిబ్బల మీద ఈదుతూ దీని బంధువు పారుపెనియస్ ఇండికస్‌ను చాలాసేపు వెంబడించాను. పక్కన పొడవాటి పసుపు మచ్చ, తోక మొదట్లో నల్లచుక్క; ఇట్టే గుర్తుపట్టవచ్చు. దిబ్బ అంచున ఇసుక మీదికి తల వంచి, చీకట్లో సూది కోసం తడిమే వేళ్లలా మీసాలు ఆడిస్తూ పోతుంది. వాటికి స్పర్శే కాదు, రుచి కూడా తెలుస్తుంది. పురుగో, చిన్న రొయ్యో, పీతో తగిలిందంటే మూతి దూర్చేస్తుంది. ఇసుక గుప్పున లేస్తుంది. వెనకే కాచుకున్న రాస్ చేపలు తప్పించుకున్నవాటిని ఏరుకుంటాయి. మేత అయ్యాక మీసాలను గొంతు కింద మడుచుకుంటుంది. అప్పుడు చూస్తే మీసాలున్నాయనే అనుకోరు!

మన తీరంలో అలాంటి దిబ్బలు లేవు, ఉన్నది ఇసుక, బురదే. తోకకు అడ్డచారలున్నాయంటే మీది ఉపెనియస్ జాతిది, అది మేసేది అలాంటి అడుగునే. అందుకే అడుగును గీసుకుంటూ పోయే ట్రాలు వలలో పడుతుంది. వేలెడు పిల్లలు కూడా కుప్పలో పడి ఎండిపోవడం చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధాన్ని అందరూ గట్టిగా పాటించాలి.

మైపాడు వాసి:
చాలా సంతోషం అన్నా. ఇంటికి తెచ్చేసరికి ఎర్రబడింది, పాడైందంటారా?

కావలి ఈతగాడు:
రంగును బట్టి చెప్పలేం. ఈ కుటుంబంలో చాలా చేపలు బతికుండగానే రంగు మారుస్తాయి, రాత్రి అడుగున పడుకున్నప్పుడు ఒంటిమీద ఎర్ర మచ్చలు తేలతాయి. మొప్పలు ఎత్తి చూడండి. ఎర్రగా, వాసన లేకుండా ఉంటే వేపుడు చేసుకోండి. కండ మెత్తన, పులుసులో ఎక్కువసేపు ఉంచితే విడిపోతుంది.