పొలం మాది, ప్రభుత్వం డబ్బు కౌలుదారుకా? (కాన్సాస్)

గోధుమచేను:
అమెరికాలో పడమటి కాన్సాస్‌లో 160 ఎకరాలు కొన్నాం. సాగు మా వల్ల కాదు కాబట్టి అక్కడి కుర్రాడికే నగదు కౌలుకి ఇచ్చాం. పాత యజమాని సొంతంగా సాగు చేసేవాడు, పంట ధర పడిపోతే ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఆయనకే వచ్చేదట. ఇప్పుడదంతా కౌలుదారుకే వెళ్తోంది. పొలం పన్ను కట్టేది మేము కదా, సగమైనా అడగొచ్చా? అసలు ఎంత వస్తుందో ఎలా తెలుస్తుంది?

జొన్నకంకి:
నేనూ ఈ రాష్ట్రంలో కౌలురైతునే అండీ, ఆ వైపు నుంచే చెప్తాను. నగదు కౌలైతే ఆ సొమ్ము సాగు చేసేవాడిదే. వడగళ్ళు పడినా మీ కౌలు మీకు ముడుతుంది, నష్టం అతనిది. పంటలో వాటా పద్ధతికి మారితే మీ వాటా మేరకు మీకూ వస్తుంది. అప్పుడు పంట పోతే మీకూ పోతుంది.

మీ కౌంటీలోని ఎఫ్‌ఎస్‌ఏ (ఈ సొమ్ము పంచే కేంద్ర వ్యవసాయ శాఖ విభాగం) ఆఫీసులో 156ఈజెడ్ అనే కాగితం అడగండి. మీ పొలానికి ఏ పంట కింద ఎన్ని బేస్ ఎకరాలున్నాయో, ఎంత దిగుబడి రాశారో అందులో ఉంటుంది. బేస్ అంటే ఆ నేలలో వెనకటికి వేసిన పంటల లెక్క. ఈ ఏడు ఏం వేశారన్నది చూడరు.

గోధుమకి 100 బేస్ ఎకరాలు, ఎకరాకి 40 బుషెళ్ళ (గోధుమ బుషెల్ అంటే సుమారు 27 కిలోలు) దిగుబడి అనుకోండి. 2019 పంటకి రిఫరెన్స్ ధర, అంటే చట్టంలో రాసిన ధర, బుషెల్‌కి 5.50 డాలర్లు, దేశ సగటు ధర 4.58. తేడా 92 సెంట్లు. 85 శాతం ఎకరాలకే కడతారు కాబట్టి పీఎల్‌సీ (సగటు ధర రిఫరెన్స్ ధర కన్నా తగ్గితే ఆ తేడా కట్టే పథకం) కింద 3,128 డాలర్లు, అదీ ప్రభుత్వ బడ్జెట్ కోతలు పోకముందు. చేతికొచ్చింది 2020 అక్టోబరు తర్వాతే.

2022లో సగటు ధర 8 డాలర్లు దాటింది, పీఎల్‌సీ సున్నా. ఆ ఏడు మా వైపు కరువు, ఎరువుల ధరలు మండిపోయాయి. ధర ఉంది, అమ్మడానికి గింజల్లేవు. పంటల బీమా లేకపోతే నాలాంటివాళ్ళు లేచేవాళ్ళు కాదు. కాబట్టి ఈ సొమ్ము ఏటా వచ్చే జీతమనుకోకండి.

లెక్కలపద్దు:
2025 చట్టంతో గోధుమ రిఫరెన్స్ ధర 6.35 అయింది. ఒప్పందం మళ్ళీ రాసుకునేటప్పుడు కౌలు పెంచుకునే హక్కు మీకుంది.

జొన్నకంకి:
హక్కు ఉంది, కాదనను. కానీ 2025 పంట సొమ్ము 2026 అక్టోబరు దాకా రాదు. కౌలు, విత్తనం, డీజిల్ అంతకుముందే కట్టాలి. వస్తుందో రాదో తెలియని డబ్బుని నమ్మి రేటు పెంచితే కొత్తగా సాగులోకి వచ్చిన కుర్రాళ్ళే ముందు మునిగేది. దయచేసి ఆలోచించండి.

గోధుమచేను:
ముందు ఆ కాగితం తెచ్చుకుంటాను. రేటు ఇప్పుడు కదపను. వాటా పద్ధతికి వెళ్తే ఎరువుల ఖర్చులో మేమూ పెట్టాలా?

జొన్నకంకి:
అది మీ ఇద్దరి ఒప్పందం. మూడో వంతు పంట తీసుకునే యజమానులు ఎరువుల్లో మూడో వంతు భరించడం మా వైపు మామూలే. ఏదైనా కాగితం మీద రాసుకోండి, దాని ప్రకారమే ఎఫ్‌ఎస్‌ఏలో వాటాలు నమోదు చేయించండి.